కిటికీ వైపు చోటు

ఆ ఆదివారం పొద్దున ఫణిభూషణ్ సర్‌ఖేల్ వేసుకున్న పథకం చిన్నదే. సాయంత్రం ఐదు గంటల లోపల ముందుగదిలో సోఫా శుభ్రం కావాలి. ఐదింటికి నీహార్‌బాల వస్తుంది. మర్నాడు తెల్లవారుజామున బండెక్కి సిల్చర్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతోంది, ఇక కలకత్తా ముఖం చూడదు. వెళ్ళేముందు ఆవిడ ఫోనులో అడిగింది ఒక్కటే.

"మా ఆయన ముప్ఫై ఎనిమిదేళ్ళు రోజూ సాయంత్రం మీ ఇంట్లో ఎక్కడ కూర్చున్నారో ఆ చోటు ఒక్కసారి చూసి వెళ్తాను, మరిదిగారూ."

ఆ ఆయన తారాపద. పోయి ఐదు నెలలయింది. అప్పటినుంచి ఫణిబాబు ముందుగదిలో కూర్చోవడమే మానేశాడు. బేచూ మిత్తిర్ సందులో పన్నెండు రోజులుగా ఒకటే వాన. గోడలు చెమరుస్తున్నాయి. మూసిపెట్టిన గదిలో సోఫా ఒక్కటే ఉండి బూజు పట్టింది.

ఆ సోఫా ఫణిబాబు తండ్రి కాలం నాటిది. టేకు చట్రం, దాని మీద ముగ్గురు కూర్చునేలా మనిషి నిడివి ఒకటే పరుపు, లోపల కొబ్బరి పీచు, పైన లేత ఆకుపచ్చ గుడ్డ. ఆకుపచ్చ అని ఇంట్లోవాళ్ళు చెబితే నమ్మాలి తప్ప చూసి తెలుసుకునే అవకాశం లేదు. ముప్ఫై ఎనిమిదేళ్ళ చాయ్, మరమరాల్లో కలిపిన ఆవనూనె, వంకాయ బజ్జీల జిడ్డు, మూడో స్నేహితుడు భవతోష్ పీల్చే నస్యం, అన్నీ అందులోకే ఇంకాయి. వెనక వాలుకునే భాగం మీద మూడు తలల నూనె మరకలు మూడు చంద్రబింబాల్లా ఉండేవి. కిటికీ వైపుది కాస్త ఎత్తులో ఉండేది, తారాపద పొడుగరి కాబట్టి.

"నీహార్ వదిన తెల్లచీర కట్టుకుని వస్తుంది," అంది ఫణిబాబు భార్య విభావతి. "దీని మీద కూర్చుని లేచేసరికి ఆ చీర మీద మీ ముగ్గురి జాతకాలూ అచ్చుపడతాయి."

ఫణిబాబు భయం మాత్రం చీర గురించి కాదు. కిటికీ వైపు పరుపు మీద అరచేయంత చాయ్ మరక ఒకటుంది. దాని సంగతి ఆయనకొక్కడికే తెలుసు. మాఘమాసంలో ఒక సాయంత్రం భవతోష్ జ్వరంతో రాలేదు. మిగిలిన ఇద్దరూ చదరంగం ఆడుతుండగా నల్ల గుర్రం కనిపించకుండా పోయింది. "ఓడిపోతున్నావని నువ్వే దాచావు," అన్నాడు ఫణిబాబు. తారాపద చేతిలో ఉన్న కప్పు విసిరికొట్టి, "ఇక నీ గడప తొక్కితే ఒట్టు!" అని లేచిపోయాడు. మూడో రోజున గుండె ఆగి పోయాడు. ఆ మాట తను అనకుండా ఉంటే అని ఫణిబాబు ఈ ఐదు నెలల్లో అనుకోని పూట లేదు. నీహార్ ఆ మరక చూసి "ఇదేమిటి?" అని అడిగితే అబద్ధం చెప్పే ఓపిక ఆయనకు లేదు, నిజం చెప్పే ధైర్యం అసలే లేదు. మరక పోవాలి.

ఏడింటికల్లా భవతోష్ సంచీతో దిగాడు. ఆయన కాలేజీ రసాయనశాలలో ముప్ఫై ఏళ్ళు గాజు గొట్టాలు కడిగి రిటైరయ్యాడు. కడగడానికి సంబంధించినంతవరకు లోకంలో తనకు తెలియనిది లేదని ఆయన నమ్మకం. సంచీలోంచి రెండు సీసాలు, ఒక బ్రష్షు, ఒక పెద్ద మెత్తటి గుడ్డ తీశాడు.

"ఈ గుడ్డ ఎక్కడిది?" అంది విభావతి.

"సందు మొగలో మన క్లబ్బు బోర్డు లేదూ, అది తుడిచేది. ఇంత మెత్తటి గుడ్డ ఈ పేటలో ఇంకోటి లేదు. సాయంత్రం మళ్ళీ పెట్టేస్తాను."

పేటలో రక్తదాన శిబిరం దగ్గర్నుంచి ఎవరింట్లో ఎవరు పోయారన్న కబురు దాకా సుద్దముక్కతో రాసేది ఆ బోర్డు మీదే.

"చూడు ఫణీ," అన్నాడు భవతోష్ పాఠం చెబుతున్నట్టు. "మొదట దుమ్ము దులపాలి. తర్వాత కనపడని మూల ఒకచోట మందు రాసి చూడాలి. నీళ్ళు మాత్రం ఎక్కువ పోయకూడదు. పీచు తడిసిందో, కొంప మునిగిందే."

దుమ్ము దులపడానికి పరుపు ఎత్తితే కిందనుంచి మరమరాలు, అగ్గిపుల్లలు, ఒక పన్ను బయటపడ్డాయి. ఆ పన్ను ఎవరిదో ఇద్దరూ ఒప్పుకోలేదు. భవతోష్ కిటికీ వైపు వంగి ఊడుస్తున్నాడు. ఇటు చివర, తను రోజూ కూర్చునే వైపు, చట్రం సందులో ఫణిబాబు వేలికి చిన్న చెక్కముక్క తగిలింది. పైకి తీశాడు. నల్ల గుర్రం.

గుర్రాన్ని ఎవరూ దాచలేదు. ఇన్నాళ్ళూ అది తన కిందే ఉంది. తను దాని మీద కూర్చుని స్నేహితుణ్ణి దొంగన్నాడు. ఎవరూ చూడకుండా జేబులో వేసుకున్నాడు.

"ఏమైందిరా, మొహం అలా పెట్టావు?" అన్నాడు భవతోష్.

"ఏం లేదు. ఆ చాయ్ మరక ముందు పోగొట్టు."

ఆ గొంతు విని భవతోష్ మెత్తబడ్డాడు. స్నేహితుడి కోసం మందు మోతాదు రెట్టింపు చేశాడు. మూల రాసి చూడడం మర్చిపోయాడు. అమోనియా సీసా మూత తీయగానే ముగ్గురి కళ్ళలోంచి ధారలు. "ముక్కులో దూది పెట్టుకోండి!" అని అరిచి, ఫణిబాబు చేత పాన్ కొట్టులో దూది తెప్పించి తనూ పెట్టుకున్నాడు, ఫణిబాబుకీ రెండు వత్తులు పెట్టాడు. రుద్దారు. మరక పోలేదు గానీ చుట్టూ గోధుమరంగు ఊరింది. ఆ రంగు పోవడానికి నీళ్ళు పోశారు. ఇంకాస్త ఊరింది. లోపలి పీచు తన రంగంతా కక్కుతోందని భవతోష్‌కు అర్థమయ్యేలోపు నాలుగు బకెట్లు పరుపు లోపల ఉన్నాయి. అరచేయంత మరక పన్నెండింటికల్లా పరుపంతా అయింది.

"ఎక్కువ నీళ్ళు పోయకూడదన్నది మీరే కదా!" అంది విభావతి.

"అన్నాను. వినలేదు," అన్నాడు భవతోష్ దిగులుగా. ఎవరు వినలేదో చెప్పలేదు.

అదృష్టమో దురదృష్టమో, అప్పుడే వాన ఆగింది. ముగ్గురూ కలిసి పరుపును మోసుకొచ్చి వీధి అరుగు మీద ఆరబెట్టారు. బోర్డు గుడ్డ అడుగున పరిచారు, అరుగు మీది నాచు అంటకుండా. కాకులు రెట్టలు వేయకుండా ఫణిబాబు ఉతికిన ధోవతి ఒకటి పైన కప్పారు. తడి పీచు, అమోనియా కలిసిన కంపుకి నాలుగు అగరొత్తులు వెలిగించి తలవైపు గుచ్చారు. నీహార్ కోసం పొద్దున్నే తెచ్చిన రజనీగంధ పూల కట్ట లోపలి ఘాటుకి వాడిపోతుందని విభావతి దాన్ని కూడా తెచ్చి ఆ పక్కనే పెట్టింది. భవతోష్ స్నానానికి ఇంటికి వెళ్ళాడు. విభావతి సందేశ్ మిఠాయి కొనడానికి ట్రాము రోడ్డు వైపు బయల్దేరింది. కళ్ళు ఎర్రగా వాచిపోయి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, నోరు తెరిస్తే దగ్గు వస్తుందని ఎవరు పలకరించినా చెయ్యి ఊపుతూ సందంతా దాటిపోయింది.

నడుం పట్టేసిన ఫణిబాబు వెనకగదిలో గచ్చు మీద చాప పరుచుకుని వెల్లకిలా పడుకున్నాడు. చెవి మిషను తీసి పక్కన పెట్టాడు. ముక్కులో దూది సంగతి మర్చిపోయి నిద్రపోయాడు.

తర్వాత జరిగినదంతా ఆయనకు మర్నాడు నలుగురూ నాలుగు రకాలుగా చెప్పినది. ఆ పేటలో మనిషి పోతే ముందుగా వీధిలోకి వచ్చేది అతను పడుకున్న పరుపే. తెల్లగుడ్డ, అగరొత్తులు, రజనీగంధ ఉన్నాక ఇక అడగాల్సిందేమీ లేదు. అసలు చావింటి ముందు నిలబడి ఎవరు పోయారని అడగడం అక్కడ మర్యాద కాదు. క్లబ్బు కార్యదర్శి పల్టూకి మర్యాద విషయంలో ఎవరూ వంక పెట్టలేరు. అయినా బాధ్యత గలవాడు కాబట్టి వెనక కిటికీలోంచి ఒకసారి తొంగిచూశాడు. కటిక నేల మీద చాప, చాప మీద ఫణిబాబు, తెరిచిన నోరు, ముక్కులో దూది.

పల్టూ కళ్ళు తుడుచుకుని నేరుగా బోర్డు దగ్గరికి నడిచాడు.

గంటలో సందు నిండిపోయింది. ఇస్త్రీ కొట్టు తలుపులు మూసేశారు. క్లబ్బు తరఫున పూలచక్రం వచ్చింది. శ్మశానం బండి వచ్చి మలుపు తిరగలేక వెనకవైపుగా వచ్చి అరుగు ముందు ఆగింది. ఫణిబాబు కూతురు ఆసన్‌సోల్ నుంచి రావాలి, అంతవరకు ఎవరూ లోపలికి వెళ్ళొద్దని పల్టూ ఆంక్ష పెట్టాడు. పాన్ కొట్టు హారాధన్ ఒక్కడికే అనుమానం.

"పొద్దున ఎనిమిదింటికి దూది కొనుక్కెళ్ళాడండీ. పోయేవాడు తన దూది తనే కొనుక్కుంటాడా?"

అప్పుడే స్నానం చేసి బోర్డు చదివి పరుగున వచ్చిన భవతోష్ జనాన్ని తోసుకుంటూ పరుపు ముందు కూలబడ్డాడు.

"నేనే చంపాను! రెట్టింపు వేశాను! గుండె జబ్బు మనిషని తెలిసి కూడా వేశాను!"

హారాధన్ ఇక నోరెత్తలేదు.

గొంతు ఎండిపోయి ఫణిబాబు లేచేసరికి రెండు దాటింది. చెవి మిషను పెట్టుకున్నాడు. వీధిలో ఎవరో శవం ముందు అనే "బలో హరి" అంటున్నారు. ఎవరు పోయారో పాపం అనుకుంటూ ముందుగదిలోకి వచ్చి, కిటికీ చెక్కల సందులోంచి చూశాడు. తన ఇంటి ముందే జనం, తన పరుపు మీదే పూలచక్రం. చక్రం మీద తన పేరు. ఒక్క క్షణం నిజమేనేమో అని గిల్లుకుని చూసుకున్నాడు.

"మనిషి మంచివాడే," అంటోంది ఒక గొంతు. "కాస్త నోటి దురుసు."

"చదరంగంలో ఓడితే మూడు రోజులు మాట్లాడేవాడు కాదు," అంది ఇంకో గొంతు.

బయటికి వెళ్ళి నాలుగు దులుపుదామని ఫణిబాబు గడియ మీద చెయ్యి వేశాడు. సరిగ్గా అప్పుడే రిక్షా ఒకటి ఆగింది. నీహార్‌బాల దిగింది. ఐదింటికి రావలసిన మనిషి కబురు విని పరుగున వచ్చింది. జనం దారి ఇచ్చారు. ఆవిడ అరుగు మీద పరుపు పక్కన కూర్చుని తెల్లగుడ్డ మీద చెయ్యి పెట్టింది. ఆ చేతికీ ఫణిబాబుకీ మధ్య కిటికీ చెక్కలు తప్ప ఏమీ లేవు.

"మరిదిగారూ," అంది మెల్లగా, "మీరు బతికుండగా ఒక్క మాట చెప్పలేకపోయాను. మీరిద్దరూ పోట్లాడుకున్నారని నాకు తెలుసు. ఆయన ఇంటికి వచ్చీ రాగానే చెప్పేశారు. రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. మూడో రోజు, 'కప్పు విసిరేశాను నీహార్, ఫణిగాడి సోఫా పాడైంది, పోయి నేనే తుడిచిపెట్టి వస్తా' అని చెప్పులు వేసుకుంటున్నారు. ఒక కాలికి వేసుకున్నారు. రెండోది వేసుకోలేదు."

వాన మళ్ళీ సన్నగా మొదలైంది.

"మీ దగ్గరికి వస్తూ పోయారని చెబితే మీ గుండె తట్టుకోదని ఐదు నెలలు కడుపులో దాచుకున్నాను. ఇప్పుడు ఇక దాచడం ఎవరి కోసం? ఆయన్ని అక్కడ కలిస్తే, మీకు కోపం లేదని చెప్పండి."

ఫణిబాబు గడియ మీది చెయ్యి తీసేశాడు. ఇప్పుడు బయటికి వెళ్తే ఆ మాటలన్నీ ఆవిడ బతికున్న మనిషితో చెప్పినట్టవుతుంది. ఆ తల్లి ముఖం ఎక్కడ పెట్టుకుంటుంది? చెక్కల వెనక నిలబడి, జేబులో గుర్రాన్ని పిడికిట్లో బిగించి, చప్పుడు చేయకుండా ఏడ్చాడు. ఐదు నెలల్లో మొదటిసారి ఆయనకు ఏడుపు సాఫీగా వచ్చింది. చనిపోయి ఉండడమే మేలనిపించింది, కనీసం సాయంత్రం దాకా.

చెడగొట్టింది బండివాళ్ళు. "కూతురు వచ్చేదాకా కూర్చోలేం బాబూ, పడక ముందు ఎక్కించేస్తాం," అన్నారు. పడకని కూడా శ్మశానానికి పంపడం ఆనవాయితీయే కాబట్టి పల్టూ తల ఊపాడు. ఇద్దరు పరుపు ఎత్తారు. నాలుగు బకెట్ల నీళ్ళతో అది నిజంగానే శవమంత బరువుంది. "బలో హరి!" అంటూ బండిలోకి తోశారు.

ఫణిబాబుకి అప్పుడు తట్టింది. తారాపద తుడవడానికి వస్తానన్న మరక అది. పొద్దుటి నుంచి తను వదిలించుకోవాలని చచ్చీచెడీ తోమిన మరక. తోమినా పోకుండా ఎక్కడో అడుగున ఇంకా ఉండే ఉంటుంది. ఇంజను స్టార్టయింది. ఇక ఆగలేక కిటికీ చెక్కలు ధడాలున తెరిచి మొహం బయటపెట్టాడు.

"నా పరుపు! ఒరేయ్, నా పరుపు దించండి!"

ఎర్రటి కళ్ళు, రేగిన తెల్లజుట్టు, రెండు ముక్కుపుటాల్లోంచీ వేలాడుతున్న దూది. పోయినవాడు పడక కోసం తిరిగి వస్తాడని ఆ పేటలో చిన్నప్పుడు అందరూ విన్నదే. ఇస్త్రీ కొట్టు వైపు సగం మంది, ట్రాము రోడ్డు వైపు సగం మంది పరుగెత్తారు. పల్టూ పూలచక్రాన్ని డాలులా అడ్డం పెట్టుకుని మురుగు కాలవలోకి దిగాడు. బండి డ్రైవరు అద్దంలో ఒకసారి చూసి, అంతవరకు రాని మలుపు ఒక్క ఊపున తిప్పేసి మాయమయ్యాడు. భవతోష్ ఒక్కడే పారిపోలేక సాష్టాంగపడ్డాడు.

"ఫణీ, కావాలని చేయలేదురా! కొలత తప్పింది!"

సందేశ్ పొట్లంతో అప్పుడే వచ్చిన విభావతి ఇదంతా చూసి పెద్దగా ఆశ్చర్యపోలేదు. "అలా అరవకండి, గుండెకి మంచిది కాదని డాక్టరు చెప్పలేదూ?" అంది భర్తతో. "ముందు ఆ దూది తీయండి, చూడలేకపోతున్నాను."

నీహార్‌బాల పారిపోలేదు. అరుగు మీదే కూర్చుని కిటికీలోని మొహాన్ని చాలాసేపు చూసింది.

"అంతా విన్నారా?"

"మిషను పెట్టుకున్నాను వదినా."

"నేను చెప్పిందీ..."

"అదే విన్నాను. మిగతావాళ్ళు అన్నవి నేను పట్టించుకోలేదు."

ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో ఫణిబాబుకి తెలియలేదు. బహుశా ఆవిడకీ తెలియలేదు.

లోపల సోఫాకి చట్రం, అడ్డపలకలు, వెనక భాగం మిగిలాయి. వెనక భాగం తోమడానికి టైము చాలలేదు. విభావతి పలకల మీద పాత దుప్పటి మడతపెట్టి వేసింది. నీహార్‌బాల గుమ్మంలో ఆగి ఆ మూడు నూనె మరకల్నీ చూసింది. ఎవరూ చెప్పకుండానే కిటికీ వైపు వెళ్ళి కూర్చుంది. ఎత్తులో ఉన్న మరక మీద అరచెయ్యి పెట్టి, ఆ చెయ్యి వాసన చూసుకుంది.

"మందార నూనె," అంది. "నేనే కాచేదాన్ని."

ఫణిబాబు జేబులోంచి గుర్రాన్ని తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. "పోట్లాట దీని కోసమే వదినా. వాడు దాచాడన్నాను. ఇవాళ పొద్దున దొరికింది. నేను కూర్చునే వైపు, నా కిందే ఉంది."

నీహార్‌బాల గుర్రాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఆయనకి ఇది చెప్పే పని కూడా మీదే అయింది మరిదిగారూ. తొందరేం లేదు." దాన్ని చీర కొంగున ముడివేసుకుంది. "ఇది నేను తీసుకెళ్తే మీరు ఆడేదెలా?"

"ఇంకెవరితో ఆడతాను?"

"నేను లేనూ?" అన్నాడు భవతోష్ మూలనుంచి నొచ్చుకుంటూ. ఆయనకు ఎవరూ సందేశ్ పెట్టలేదు.

మర్నాడు తెల్లవారుజామున ఫణిబాబు స్టేషనుకు వెళ్ళి ఆవిణ్ణి బండెక్కించి వచ్చాడు. పరుపు తిరిగి రాలేదు. తడి పీచుకి ఎంతకీ నిప్పు అంటుకోలేదని, బండివాళ్ళు విసిగి గంగలోకి నెట్టేశారని కబురు వచ్చింది. మరక పోవాలని ఆయన కోరుకున్నది ఆ విధంగా నెరవేరింది. సందు మొగలో వాన చినుకుల కింద ఆయన ఆగిపోయాడు. చూరు కింద బోర్డు మీద తన పేరు, వయసు డెబ్బై నాలుగు, ఆత్మకు శాంతి కలుగుగాక అని గుండ్రటి అక్షరాలు ఇంకా చెక్కుచెదరకుండా ఉన్నాయి.

"ఇది చెరపవేం పల్టూ?" అన్నాడు.

"దేంతో చెరపమంటారు పెదనాన్నా?" అన్నాడు పల్టూ. "బోర్డు గుడ్డ మీ పరుపుతోపాటే పోయింది."